రన్ అంటే పరుగు ఒక్కటే కాదు: ఒక చిన్న ఇంగ్లిష్ మాటను పూర్తిగా పట్టుకోవడం ఎలా

ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు పొడుగాటి మాటలకు భయపడతారు. భయపడాల్సింది వాటికి కాదు. ‘ఫొటోసింథసిస్’ లాంటి మాటకు ఉన్నది ఒక్కటే అర్థం, ఒకసారి నేర్చుకుంటే జన్మలో మారదు. మనల్ని తిప్పలు పెట్టేవి రన్, సెట్, పుట్, గెట్, టేక్ లాంటి బుల్లి మాటలు. రెండో తరగతిలో నేర్పిస్తారు, అంతటితో వచ్చేసిందనుకుంటాం. పదేళ్ల తర్వాత ఆఫీసులో ఎవరో ‘లెట్ మి రన్ దిస్ బై యు’ అంటే బిత్తరపోతాం.

వీటిలో అందరికంటే పెద్దది రన్. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989లో 20 సంపుటాలుగా రెండో కూర్పు వేసినప్పుడు రికార్డు ‘సెట్’ది. క్రియగా దానికి 430 అర్థాలు, ఆ ఒక్క మాట వివరణకే దాదాపు 60,000 పదాలు. తర్వాత మూడో కూర్పు కోసం పాత మాటలన్నీ తిరగరాస్తూ వచ్చారు. రన్ వంతు వచ్చినప్పుడు పీటర్ గిలివర్ అనే సంపాదకుడు సుమారు తొమ్మిది నెలలు ఆ ఒక్క మాట మీదే కూర్చున్నాడు. 2011 నాటికి లెక్క తేలింది: క్రియగానే 645 అర్థాలు. నామవాచకంగా వాడేవి వేరే.

ఆ 645 మీకు అక్కర్లేదు. వాటిలో చాలావరకు పాతబడినవి, ఓడల వాళ్లకో వడ్రంగులకో మాత్రమే పనికొచ్చేవి. పేపర్ చదవడానికి, ఆఫీసులో నెట్టుకురావడానికి, సీరీస్ చూసి అర్థం చేసుకోవడానికి ముప్పై నలభై వాడుకలు చాలు. అవి కూడా బట్టీ పట్టాల్సిన పనిలేదు. కింద చెప్పిన వరుసలో వెళ్తే చాలావరకు మీరే ఊహించగలరు.

మొదటి అడుగు: పరుగును పక్కన పెట్టండి

రన్ అనగానే కాళ్లు గుర్తొస్తాయి. అక్కడే తేడా వస్తుంది. ఈ మాట పాత జర్మానిక్ భాషల నుంచి వచ్చింది. జర్మన్‌లో దీని చుట్టం ‘రిన్నెన్’. దానర్థం నీళ్లు కారడం, ధార కట్టడం. అంటే నీళ్లు పారడం అన్న అర్థం, మనిషి పరుగెత్తడం అన్న అర్థం మొదటి నుంచీ పక్కపక్కనే ఉన్నాయి.

ఇది మనకు వింత కాదు. కాలువ పారుతుంది, దొంగ పారిపోతాడు. పాత తెలుగులో పారడం అంటే పరుగెత్తడం కూడా. కాబట్టి రన్‌కు అసలు అర్థం ఇలా పెట్టుకోండి: ఒక దారి పట్టుకుని ఆగకుండా సాగిపోవడం. ఆ సాగేది మనిషి కావచ్చు, నీరు కావచ్చు, యంత్రం, రోడ్డు, వ్యాపారం, ఒప్పందం ఏదైనా కావచ్చు. ఆవిరి యంత్రాలు, రైళ్లు, ఫ్యాక్టరీలు వచ్చాక ఈ మాటకు పని బాగా పెరిగింది. కంప్యూటర్ వచ్చాక ఇంకా పెరిగింది.

ఇక్కడ తెలుగువాళ్లకు బాగా పనికొచ్చే కిటుకు ఒకటుంది. ఇంగ్లిష్‌వాళ్లు పరుగెత్తించే చోట మనం నడిపిస్తాం. వాళ్ల రైళ్లు రన్ అవుతాయి, మన రైళ్లు నడుస్తాయి. వాళ్లు హోటల్ రన్ చేస్తారు, మనం హోటల్ నడుపుతాం. ఇంజిన్ నడుస్తుంది, ప్రభుత్వం నడుస్తుంది, ఇల్లు గడవకపోయినా ఎలాగో నడుస్తుంది. కాబట్టి వాక్యంలో రన్ కనబడగానే ముందు ‘నడుచు, నడుపు’ పెట్టి చూడండి. కుదరకపోతే ‘పారు, కారు’. అదీ కుదరకపోతే ‘ఆడు, సాగు, ఉండు’. పరుగును చిట్టచివర ప్రయత్నించండి. స్కూల్లో నేర్చుకున్న వరుసకు ఇది పూర్తిగా తిరగబడిన వరుస. పెద్దలు చదివే ఇంగ్లిష్‌కు మాత్రం ఇదే సరైనదని నా నమ్మకం.

రెండో అడుగు: కర్త ఎవరో చూడండి

జె. ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషావేత్త 1950లలోనే ఒక మాట చెప్పాడు: పదం అర్థం తెలియాలంటే అది ఎవరి సావాసంలో ఉందో చూడాలని. రన్ విషయంలో ఇది అక్షరాలా నిజం. పక్కనున్న మాట చూస్తే సగం పని అయిపోతుంది.

ముక్కు కర్త అయితే, ‘హిజ్ నోస్ ఈజ్ రన్నింగ్’, ముక్కు కారుతోంది. కుళాయి కర్త అయితే నీళ్లు పోతున్నాయి, ఎవరో కట్టేయలేదు. నది అయితే పారుతుంది: మూసీ హైదరాబాద్ మధ్యగా పారుతుంది. రోడ్డు, కొండల వరుస, సరిహద్దు గీత కర్తలైతే అవి కదలవు, అయినా రన్ అవుతాయి. 44వ నంబర్ జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి హైదరాబాద్ మీదుగా కన్యాకుమారి దాకా రన్ అవుతుంది. మనం ‘పోతుంది’ అంటాం. ‘ఈ రోడ్డు ఎటు పోతుంది?’ అని అడిగితే రోడ్డు ఎటూ పోదు, ఇక్కడే ఉంటుంది అని వెటకారంగా జవాబు చెప్పే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. భాషలన్నీ ఈ విషయంలో ఒకటే.

సినిమా, నాటకం కర్త అయితే ఆడుతుంది. ‘ద ఫిల్మ్ రాన్ ఫర్ ఎ హండ్రెడ్ డేస్’ అంటే వంద రోజులు ఆడింది. లీజు, వీసా, ఒప్పందం అయితే గడువు: ‘ద లీజ్ రన్స్ ఫర్ త్రీ ఇయర్స్’, లీజు మూడేళ్లు ఉంటుంది. కొత్త చీర తడిపితే రంగు దిగుతుంది కదా, అదీ రన్నే: ‘ద కలర్స్ రాన్’. కళ్లకు పెట్టుకున్న కాటుక చెమటకు కారినా రన్నే. ఉత్తరం కర్త అయితే ‘ద లెటర్ రన్స్ లైక్ దిస్’, ఉత్తరంలో ఇలా ఉంది.

రోగం, గుణం, ప్రతిభ కర్తలైతే కుటుంబం వస్తుంది. ‘డయాబెటిస్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ’ అని డాక్టర్ అంటే వాళ్లింట్లో తరతరాలుగా షుగర్ ఉందని. అమెరికాలోనో బ్రిటన్‌లోనో క్లినిక్‌కు వెళ్తే ఈ మాట ప్రశ్నగా ఎదురయ్యే అవకాశం ఉంది: గుండెజబ్బు మీ కుటుంబంలో రన్ అవుతుందా? ఇంట్లో ఎవరికైనా ఉందా అని దాని భావం.

మూడో అడుగు: కర్మ ఉందా, లేదా?

తెలుగులో ఈ తేడా క్రియలోనే కనిపిస్తుంది. నడుచు, నడుపు. పారు, పారించు. ఆడు, ఆడించు. ఇంగ్లిష్ రన్‌కు అలాంటి రూపం మార్పు లేదు, రెండింటికీ అదే మాట. ‘షి రన్స్’ అంటే ఆమె పరుగెత్తుతుంది. ‘షి రన్స్ ఎ హాస్టల్’ అంటే ఆమె హాస్టల్ నడుపుతుంది. కాబట్టి రన్ వెనకాల నామవాచకం వచ్చి కూర్చుందా అని చూడటం అలవాటు చేసుకోవాలి.

కూర్చున్నది సంస్థ అయితే సులభం: బడి, కంపెనీ, దేశం, క్యాంటీన్, అన్నీ నడపడమే. ‘హు రన్స్ ద షో హియర్?’ అంటే ఇక్కడ పెత్తనం ఎవరిది అని. ప్రోగ్రామ్, యాప్, టెస్ట్, యంత్రం అయితే మనం కూడా ‘రన్ చేయడం’ అనే అంటున్నాం, గొడవ లేదు. పేపర్, న్యూస్ ఛానెల్ కర్తలుగా ఉండి వెనక ‘స్టోరీ’ ఉంటే ఆ వార్త వేశారని.

చిక్కు వచ్చేది తర్వాతి వాటితో. ‘రన్ ఎ టెంపరేచర్’ అంటే జ్వరం ఉండటం. మనిషి కావాలని చేసేది ఏమీ లేదు, అయినా కర్త అతనే. ‘రన్ ఎ రిస్క్’ కూడా అలాంటిదే. ‘రన్ ఎ రెడ్ లైట్’ అంటే మనం సిగ్నల్ జంప్ చేయడం అనేది. ‘రన్ ఎ బాత్’ అంటే టబ్‌లోకి నీళ్లు పట్టడం, బకెట్ స్నానాల ఇళ్లలో దీని అవసరమే రాదు. ‘రన్ ఎరండ్స్’ అంటే బయటి చిల్లర పనులు చక్కబెట్టుకురావడం: కరెంటు బిల్లు, పోస్టాఫీసు, మందుల షాపు. దీనికీ కాళ్లకూ సంబంధం లేదు, కార్లో తిరిగినా ఎరండ్స్ రన్ చేసినట్టే. ‘ఐ విల్ రన్ యు హోమ్’ అని ఎవరైనా అంటే భయపడకండి, బండి మీద ఇంటి దగ్గర దింపుతానంటున్నారు.

దువ్వెన, చెయ్యి, వేలు లాంటివి వెనక వస్తే ఒక వస్తువు మీదుగా వాటిని పోనివ్వడం. జుట్టులో దువ్వెన రన్ చేయడం అంటే పైపైన దువ్వుకోవడం. ‘రన్ యువర్ మౌత్’ అంటే నోటికొచ్చినట్టు వాగడం. ఇది మర్యాద మాట కాదు, సినిమాల్లో వింటే అర్థమైతే చాలు, వాడకండి.

నాలుగో అడుగు: వెనక తగిలించిన తోక

అసలు యుద్ధం ఇక్కడే. అవుట్, ఇంటు, ఓవర్, బై, అప్, డౌన్, త్రూ, ఆఫ్. రన్‌కు ఇవి తగిలితే కొన్ని కొత్త మాటలే అయిపోతాయి. అన్నిటికీ ఒకే శ్రద్ధ అక్కర్లేదు. ముందు నాలుగు పట్టుకోండి: రన్ అవుట్ ఆఫ్, రన్ ఇంటు, రన్ త్రూ, రన్ బై. రోజూ చెవిన పడేవి ఇవే.

‘రన్ అవుట్ ఆఫ్’ అంటే అయిపోవడం. ఇంగ్లిష్‌లో దీన్ని రెండు వైపుల నుంచి చెప్పొచ్చు. ‘ద మిల్క్ హాజ్ రన్ అవుట్’ అన్నప్పుడు కర్త పాలు. ‘వి హావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్’ అన్నప్పుడు కర్త మనం. తెలుగులో మొదటి పద్ధతే సహజం: పాలు అయిపోయాయి. మన ఇళ్లలో బియ్యం, పసుపు లాంటివి ‘అయిపోయాయి’ అనడానికి నోరు రాక ‘నిండుకున్నాయి’ అంటారు. ఆ ‘నిండుకున్నాయి’కి కూడా ఇంగ్లిష్‌లో ఇదే. అంత పట్టింపు ఆ భాషకు లేదు. ఓపిక, టైమ్, డబ్బు, ఐడియాలు, ఏవైనా ఇలా రన్ అవుట్ కావచ్చు. ‘ఆఫ్’ను మర్చిపోవద్దు. ‘వి రాన్ అవుట్ మిల్క్’ అంటే తప్పు. క్రికెట్‌లో రనౌట్ వేరే సంగతి, దానికి మళ్లీ వస్తాను.

‘రన్ ఇంటు’ అంటే గుద్దుకోవడం, దాన్నుంచే అనుకోకుండా ఎదురుపడటం. ‘ఐ రాన్ ఇంటు యువర్ అంకుల్’ అంటే మీ బాబాయిగారు తారసపడ్డారు, ఆయనకు దెబ్బలేం తగల్లేదు. సమస్య ఎదురైనా ఇదే. డబ్బు లెక్క కర్త అయితే మాత్రం అర్థం మారుతుంది: ‘ద బిల్ రన్స్ ఇంటు లాక్స్’, బిల్లు లక్షల్లో ఉంటుంది.

‘రన్ ఓవర్’ దగ్గర కొంచెం జాగ్రత్త. ‘ఐ రాన్ ఓవర్ టు మై ఆంట్స్ హౌస్’ అంటే పిన్ని వాళ్లింటికి అలా వెళ్లొచ్చాను. అందులో ‘టు’, ‘హౌస్’ తీసేసి ‘ఐ రాన్ ఓవర్ మై ఆంట్’ అంటే పిన్ని మీద బండి ఎక్కించాను. పోలీసులొస్తారు. మీటింగ్ రన్ ఓవర్ అయిందంటే అనుకున్న టైమ్ దాటిపోయిందని.

‘రన్ త్రూ’ అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూసుకోవడం. పాట, ప్రజెంటేషన్, సామాన్ల లిస్టు, దేనికైనా చెల్లుతుంది. ‘రన్ సమ్‌థింగ్ బై సమ్‌వన్’ ఆఫీసు మాట. పని మొదలుపెట్టే ముందు ఒక మాట పెద్దాయన చెవిన వేయడం, ఆయనేమంటారో తెలుసుకోవడం. ఇది అనుమతి అడగడం కంటే మెత్తగా ఉంటుంది. పైవాళ్లతో వాడినా పక్కవాళ్లతో వాడినా ఇబ్బంది లేదు. ‘ఎ స్కూల్ రన్ బై ఎ ట్రస్ట్’ అని చదివితే ఇది కాదు, అక్కడ ‘బై’ ఆ ట్రస్ట్‌కు చెందింది: ట్రస్ట్ నడుపుతున్న బడి. రెండింటికీ తేడా తెలియాలంటే మొదటిదాంట్లో చెప్పేవాడు, చెప్పే విషయం, వినేవాడు ముగ్గురూ ఉండాలని గుర్తుపెట్టుకుంటే చాలు.

మిగిలినవి త్వరగా చూద్దాం. ‘రన్ అప్ ఎ బిల్’ అంటే చూస్తుండగానే బిల్లు పెంచేయడం, అప్పులకూ ఇదే. ‘ద రన్-అప్ టు ద ఎలక్షన్స్’ అంటే ఎన్నికల ముందు రోజులు. బ్యాటరీ రన్ డౌన్ అయితే చార్జి దిగిపోయింది. మనిషి రన్ డౌన్‌గా ఉంటే ఒంట్లో ఓపిక లేదు. భవనం రన్ డౌన్‌గా ఉంటే పట్టించుకునేవాళ్లు లేక పాడుబడింది. ఒకరిని రన్ డౌన్ చేయడం అంటే వాళ్లను ఆడిపోసుకోవడం. నాలుగింటిలోనూ ‘డౌన్’ దిగజారడాన్నే చెబుతోంది, అది పట్టుకుంటే నాలుగూ ఒకటే. ‘రన్ ఆఫ్ విత్’ అంటే లేచిపోవడం, లేదా సొమ్ము తీసుకుని ఉడాయించడం. ‘రన్ ఆన్’ తర్వాత పెట్రోల్, కరెంటు, బ్యాటరీ వస్తే దాంతో నడుస్తుందని. ‘రన్ అలాంగ్’ అని పిల్లలతో అంటే ‘ఇక పోయి ఆడుకో’ అని సాగనంపడం. పెద్దవాళ్లతో అంటే అవమానం.

‘రన్ ఫర్’ ఒక్కదాంతోనే మీ పట్టు ఎంతో పరీక్షించుకోవచ్చు. ‘రన్ ఫర్ ఎ బస్’, బస్సు అందుకోవడానికి పరుగెత్తడం. ‘రన్ ఫర్ టెన్ డేస్’, పది రోజులు ఆడటం. ‘రన్ ఫర్ ప్రెసిడెంట్’, అధ్యక్ష పదవికి పోటీ చేయడం. ‘రన్ ఫర్ ఇట్’, ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోవడం. తోక ఒకటే, అర్థాలు నాలుగు. మళ్లీ రెండో అడుగుకే వెళ్లి పక్కనున్న మాటలు చూడాలి.

అయిదో అడుగు: రన్ పక్కన విశేషణం

ఇది చిన్న గుంపు. ఇక్కడ రన్ అంటే దాదాపు ‘అవ్వడం’. ‘రన్ లో’ అంటే తగ్గిపోవడం, ‘రన్ డ్రై’ అంటే ఎండిపోవడం, ‘రన్ లేట్’ అంటే ఆలస్యమవడం, ‘రన్ వైల్డ్’ అంటే అదుపు తప్పడం. రైల్వే స్టేషన్‌లో మైకులో ‘రన్నింగ్ లేట్ బై టూ అవర్స్’ అని విన్నవాళ్లకు దీనికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. రైలు పరుగెత్తడం లేదనేగా అక్కడ మన బాధ.

నామవాచకంగా వచ్చినప్పుడు

క్రికెట్ వల్ల మనకు ఇది అన్నిటికంటే దగ్గర. వికెట్ల మధ్య ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తితే ఒక పరుగు. అది మొదట్లో ఉన్న అసలు అర్థం. బౌండరీ కొడితే కాలు కదపకుండానే నాలుగు పరుగులు వస్తాయి, అంటే అక్కడ రన్ చేసే పని కాదు, లెక్కపెట్టే ప్రమాణం. పరుగు తీస్తుండగా క్రీజు చేరేలోపు వికెట్లు పడగొడితే రనౌట్. ఇంట్లో పాలు రన్ అవుట్ అయినప్పుడు ఎవరూ పెవిలియన్‌కు వెళ్లరు, సందు చివర కొట్టుకు వెళ్తారు.

పిచ్‌కు బయట ఈ నామవాచకం చాలా చోట్ల తిరుగుతుంది. ‘ట్రయల్ రన్’, ‘డ్రై రన్’ మనకు తెలిసినవే. ‘ప్రింట్ రన్’ అంటే ఒక విడతలో అచ్చువేసిన ప్రతుల సంఖ్య. ‘ఎ రన్ ఆఫ్ బ్యాడ్ లక్’ అంటే దెబ్బ మీద దెబ్బ, ఏలినాటి శని అనుకోండి. ‘ఇన్ ద లాంగ్ రన్’ అంటే దీర్ఘకాలంలో, ముందుముందు. ‘స్కూల్ రన్’ బ్రిటన్ మాట, పిల్లల్ని బడికి దింపి తెచ్చుకోవడం. అమెరికాలో ‘కాఫీ రన్’, ‘గ్రోసరీ రన్’ అంటారు. అక్కడి తెలుగువాళ్లు శనివారం ఇండియన్ స్టోర్‌కు వెళ్లడాన్ని ‘ఇండియన్ స్టోర్ రన్’ అంటే ఆశ్చర్యం లేదు. గోంగూర, కరివేపాకు, పనిలో పనిగా నాలుగు సమోసాలు.

‘బ్యాంక్ రన్’ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. బ్యాంకు నడపడం అనుకుంటే పొరపాటు. బ్యాంకు మునుగుతుందన్న భయంతో డిపాజిటర్లందరూ ఒకేసారి డబ్బు కోసం ఎగబడటం. ఏ బ్యాంకూ జనం దాచిన డబ్బంతా బీరువాలో పెట్టుకోదు, అప్పులిస్తుంది, బాండ్లు కొంటుంది. అందుకే భయానికి ముందు కారణం లేకపోయినా, అందరూ ఒక్కసారిగా వస్తే బ్యాంకు నిజంగానే కూలుతుంది. 2007 సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు శాఖల ముందు జనం బారులు తీరారు. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకుకు బారులు కూడా అక్కర్లేదు. మార్చి 9న ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోవడానికి ఖాతాదారులు ప్రయత్నించారు, చాలావరకు ఆన్‌లైన్‌లోనే. మర్నాడే నియంత్రణ సంస్థలు బ్యాంకును మూసేశాయి. ఒక్కరు కూడా పరుగెత్తలేదు, అయినా దాని పేరు రన్నే.

ఇంకొకటి మర్యాదగా చెప్పాలి. ‘హి హాజ్ ద రన్స్’ అని వింటే స్కోరు అడగకండి. ‘ద’ చేర్చి బహువచనంలో వాడితే అది విరేచనాలు.

ఏ దేశంలో ఉన్నారో చూసుకోండి

అమెరికాలో ఎన్నికలకు రన్ చేస్తారు. బ్రిటన్‌లో స్టాండ్ అవుతారు. మన ఇంగ్లిష్ పేపర్లు కాంటెస్ట్ అంటాయి. తెలుగులో ‘ఎలక్షన్లలో నిలబడ్డాడు’ అంటాం కాబట్టి ఈ ఒక్క విషయంలో మనం బ్రిటన్ పక్షం. ఒకడు పరుగెత్తి, ఒకడు నిలబడి, అందరూ పోయేది అసెంబ్లీకే. అమెరికాలో అధ్యక్ష అభ్యర్థితో కలిసి ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసేవాళ్లు ‘రన్నింగ్ మేట్’. ఆడవాళ్ల మేజోళ్లలో దారం తెగి చీలిక పొడుగ్గా సాగితే అమెరికాలో దాన్ని ‘రన్’ అంటారు, బ్రిటన్‌లో ‘ల్యాడర్’.

మన దగ్గర రన్నింగ్‌కు సొంత సంసారం ఉంది. ‘రన్నింగ్‌లో దిగొద్దు’ అని కండక్టర్ అరిస్తే కదులుతున్న బస్సులోంచి దిగొద్దని. ‘బండి రన్నింగ్ కండిషన్‌లో ఉంది’ అంటే కొనేవాళ్లు రెండుసార్లు చూసుకోవాలని. ‘రన్నింగ్ నోట్స్’ అంటే లెక్చరర్ చెబుతూ పోతుంటే రాసుకుంటూ పోవడం. ఇవి తప్పులని చెప్పే పండితుల మాట నేను ఒప్పుకోను. హైదరాబాద్‌లో, విజయవాడలో అవి పనిచేస్తాయి. మరో దేశంలో అందరికీ అర్థం కాకపోవచ్చని తెలిసి ఉంటే చాలు.

తిరుగు ప్రయాణంలో జాగ్రత్త

రన్ నుంచి నడుచుకు రావడం సులభం. నడుచు నుంచి రన్‌కు వెళ్లేటప్పుడు కాలు జారుతుంది. ‘క్లాస్ నడుస్తోంది’ అన్నదాన్ని ‘ద క్లాస్ ఈజ్ రన్నింగ్’ అని మార్చకండి, ‘గోయింగ్ ఆన్’ అనండి. ‘నాకు ముప్పై నడుస్తోంది’ అన్నది ‘థర్టీ రన్నింగ్’ కాదు, ముప్పై నిండలేదు కాబట్టి ‘ఐ యామ్ ట్వెంటీ నైన్’. ‘ఏం నడుస్తోంది బావా?’ అన్నదానికీ రన్‌తో పనిలేదు. ‘సినిమా నడుస్తోంది’ అనే మాట రెండు చోట్లా చెల్లుతుంది, అదొక అదృష్టం.

రూపాలు కూడా చూసుకోండి: రన్, రాన్, మళ్లీ రన్. ‘ఐ హావ్ రాన్’ అని రాస్తే తప్పు, ‘ఐ హావ్ రన్’. ఇంటర్వ్యూలో ‘ఐ హావ్ రన్ ఎ టీమ్ ఆఫ్ టెన్’ అని తప్పు లేకుండా చెబితే పదిమందిని నడిపించాననే సంగతి సూటిగా చేరుతుంది.

నోట్సు ఎలా రాసుకోవాలి

డిక్షనరీలోని అర్థాలన్నీ వరుసగా ఎక్కించుకోవద్దు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీలో అర్థాలు చరిత్ర క్రమంలో ఉంటాయి, పాతవి ముందు. అందులో మొదటి అర్థం ఇవాళ ఎక్కువ వాడే అర్థమని అనుకుంటే దారి తప్పుతారు. మీకు కావాల్సింది నేర్చుకునేవాళ్ల కోసం వేసిన డిక్షనరీ. 1987లో మొదట వచ్చిన కోబిల్డ్ డిక్షనరీలో ఒక మంచి పద్ధతి ఉంది: అర్థాన్ని ముక్కగా కాకుండా పూర్తి వాక్యంగా చెబుతుంది, కాబట్టి పక్కన ఏ మాటలు రావాలో కూడా దాంట్లోనే తెలిసిపోతుంది. ఈ తరహా డిక్షనరీల్లో తోకలున్న క్రియలు సాధారణంగా విడిగా లేదా చివర ఉంటాయి. ‘రన్ అవుట్’ కోసం మొదటి పేరాలో వెతుక్కుంటూ కూర్చోకండి.

నోట్సులో శీర్షిక ఇంగ్లిష్‌లో పెట్టకండి, తెలుగు క్రియ పెట్టండి. ఒక పేజీకి ‘నడుచు, నడుపు’. ఒక పేజీకి ‘పారు, కారు, దిగు’. ఒకటి ‘అయిపోవు’. ఒకటి ‘ఎదురుపడు’. ఒకటి ‘పోటీ’. పేపర్లోనో సీరీస్‌లోనో రన్ తగిలినప్పుడల్లా ఏ పేజీకి చెందుతుందో చూసి, ఆ వాక్యాన్ని కాకుండా మీ ఇంటి సంగతితో మీ సొంత వాక్యం రాయండి. ఏ పేజీలోనూ ఇమడనిది వస్తే పండగే. కొత్త పేజీ తెరవండి. గెట్, టేక్ లాంటి వాటికీ ఇదే పద్ధతి పనిచేస్తుంది, కానీ రన్ పూర్తయ్యేదాకా వాటి జోలికి పోవద్దు.

ఇప్పుడు మీ వంతు

కింది ఇంగ్లిష్ ముక్కను చదవండి. ముందు కర్త, తర్వాత కర్మ, తర్వాత తోక చూసి, తెలుగులో చెప్పుకోండి.

‘ఐ వజ్ రన్నింగ్ లేట్. ద స్కూటర్ వజ్ రన్నింగ్ లో ఆన్ పెట్రోల్. ఎట్ ద గేట్ ఐ రాన్ ఇంటు ద మ్యాన్ హు రన్స్ అవర్ క్యాంటీన్. హి వజ్ రన్నింగ్ ఎ ఫీవర్, అండ్ హిజ్ నోస్ వజ్ రన్నింగ్. హి సెడ్ దే హాడ్ రన్ అవుట్ ఆఫ్ ఇడ్లీస్. ద బాస్ రాన్ త్రూ ద బడ్జెట్, అండ్ ద మీటింగ్ రాన్ ఓవర్. ఐ వాంటెడ్ టు రన్ మై లీవ్ ప్లాన్ బై హిమ్. వెన్ ఐ సా హిజ్ ఫేస్, ఐ రాన్.’

జవాబు ఇలా ఉండొచ్చు: అప్పటికే నాకు లేటవుతోంది. స్కూటర్‌లో పెట్రోల్ అడుగంటింది. గేటు దగ్గర మా క్యాంటీన్ నడిపే ఆయన ఎదురుపడ్డాడు. ఆయనకు జ్వరంగా ఉంది, ముక్కు కారుతోంది. ఇడ్లీలు అయిపోయాయన్నాడు. బాస్ బడ్జెట్ మొత్తం ఒకసారి చదివి వినిపించారు, మీటింగ్ టైమ్ దాటిపోయింది. నా సెలవు సంగతి ఆయన చెవిన వేద్దామనుకున్నాను. ఆయన ముఖం చూసి పరుగు లంకించుకున్నాను.